పైసల్లేని దెయ్యాలు, పరాయి దేశపు భూతాలు

పేరున్న హీరో లేడు, ఖరీదైన సెట్టు లేదు, పాటల్లేవు. అయినా పెట్టిన డబ్బుకు వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు తిరిగొచ్చింది. ప్రేమకథలతో ఇలాంటిది ఎప్పుడో గానీ జరగదు, యుద్ధం సినిమాలతో అసలే జరగదు. దెయ్యం సినిమాలతో మాత్రం దశాబ్దానికి ఒకటి రెండుసార్లయినా జరుగుతూనే ఉంది. కారణం తేలికే. మూసిన తలుపు వెనక ఏముందో తెలియకపోతే చాలు, ప్రేక్షకుడి ఒళ్లు దానంతటదే జలదరిస్తుంది. తలుపు మూసి ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అలాగని చేతిలో డబ్బు లేకపోవడమే అర్హత అయితే వీధికో కళాఖండం పుట్టేది. తమ దగ్గర లేనిదాన్నే కథలోకి లాక్కున్న చిన్న నిర్మాతలు, చిన్న దేశాలు హారర్‌లో రికార్డులు కొట్టాయి. అది చేతగానివాళ్లూ కొట్టారు, కాకపోతే అవి వేరే రకం రికార్డులు. ఆ రకమూ ఈ రకమూ కలిపి ఇవిగో.

తొట్టతొలి దెయ్యం

1896లో ఫ్రాన్స్‌లో పుట్టింది. పేరు 'సైతాను కోట', నిడివి మూడు నిమిషాలు, మూకీ. తీసిన జార్జ్ మెలియస్ ఇంద్రజాలికుడు, పారిస్‌లో సొంతంగా మ్యాజిక్ థియేటర్ నడిపేవాడు. గబ్బిలం ఎగిరొచ్చి సైతానుగా మారుతుంది. అస్థిపంజరం ప్రత్యక్షమవుతుంది. చివర్లో శిలువ ఎదురుపడగానే సైతాను మాయం. కెమెరా ఆపడం, మనిషిని మార్చడం, మళ్లీ తిప్పడం: గారడీ అంతా ఇంతే. ప్రింట్లన్నీ పోయాయనే చాలాకాలం అనుకున్నారు. 1988లో న్యూజిలాండ్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఒక కాపీ బయటపడింది.

కోర్టు మరణశిక్ష వేసినా చావని సినిమా

జర్మన్ మూకీ 'నోస్ఫెరాటు', 1922. బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా'ను హక్కులు కొనకుండానే తీసేశారు. డ్రాకులాకు ఆర్లాక్ అని పేరు మారిస్తే సరిపోతుందనుకున్నారు. స్టోకర్ భార్య ఫ్లారెన్స్ ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. నిర్మాణ సంస్థ ప్రానా ఫిల్మ్ దివాలా తీసింది. అది తీసిన మొదటి సినిమా, ఆఖరి సినిమా ఇదొక్కటే. ఉన్న ప్రింట్లన్నీ నాశనం చేయాలని 1925లో తీర్పొచ్చింది గానీ, అప్పటికే కొన్ని దేశం దాటేశాయి. ఇవాళ మనం చూస్తున్నది వాటి సంతానాన్నే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. స్టోకర్ నవలలో డ్రాకులా పగలు కూడా నిక్షేపంగా తిరుగుతాడు. ఎండ సోకితే రక్తపిశాచి చచ్చిపోతుందన్న ముక్క ఈ 'దొంగ' సినిమా సొంతంగా కల్పించిందే. వందేళ్లుగా రక్తపిశాచాల కథలు రాసేవాళ్లంతా దాన్ని మొహమాటం లేకుండా వాడుకుంటున్నారు.

ఒకే కోట, రెండు షిఫ్టులు

1930లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియో పగలంతా ఇంగ్లిష్ 'డ్రాకులా' తీసేది. రాత్రయ్యాక అదే సెట్లోకి వేరే దర్శకుడు, వేరే నటులు దిగి స్పానిష్ 'డ్రాకులా' తీసేవారు. టాకీలు కొత్త, డబ్బింగ్ ఇంకా కుదురుకోని రోజులు. స్పానిష్‌ది దాదాపు అరగంట పొడవెక్కువ. కెమెరా పనితనంలో రాత్రి షిఫ్టుదే పైచేయి అనే విమర్శకులకు కొదవ లేదు.

అతి ఖరీదైన మతిమరుపు

పిట్స్‌బర్గ్‌లో వ్యాపార ప్రకటనలు తీసుకుంటూ బతికే జార్జ్ రొమెరో, అతని స్నేహితులు తలా కొంత వేసుకుని 1968లో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' తీశారు. ఖర్చు సుమారు 1.14 లక్షల డాలర్లు. రంగుల ఫిల్ముకు స్తోమత లేదు కాబట్టి నలుపు తెలుపు. నలుపు తెలుపులో రక్తానికి చాక్లెట్ సిరప్ సరిపోయింది. శవాలు పీక్కుతినే మాంసం ఖండాలు కసాయి కొట్టు నుంచి వచ్చాయి. ప్రింటు గరుకుగా ఉండటంతో చూసేవాళ్లకు వార్తాచిత్రం చూస్తున్నట్టే అనిపించింది, భయం రెట్టింపైంది.

విడుదలకు ముందు పంపిణీదారు పేరు మార్చాడు. పాత టైటిల్ కార్డు తీసేసి కొత్తది పెట్టేటప్పుడు పాత కార్డు మీదున్న కాపీరైట్ గుర్తు కొత్తదాని మీద వేయడం మరిచారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం గుర్తు లేకపోతే హక్కు లేనట్టే. సినిమా ఆనాటి నుంచే జనం సొత్తయింది. ఎవరు పడితే వాళ్లు వేసుకున్నారు, టీవీల్లో తిప్పారు, క్యాసెట్లు అమ్ముకున్నారు. తీసినవాళ్లకు దక్కాల్సిన డబ్బు చాలావరకు దక్కలేదు. మరోవైపు, కాళ్లీడుస్తూ గుంపుగా వచ్చి మనుషుల్ని తినే శవం ప్రపంచమంతా పాకింది కూడా అందుకే. వాటిని మనం జాంబీలంటున్నాం. విచిత్రం, ఆ మాట ఈ సినిమాలో ఒక్కసారీ వినిపించదు.

అతి చవక మాస్కు

జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' (1978) హంతకుడి ముఖానికి తొడిగింది, 'స్టార్ ట్రెక్' నటుడు విలియం షాట్నర్ పోలికలతో బజార్లో దొరికే రబ్బరు మాస్కు. ధర రెండు డాలర్లలోపు. కళ్ల రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టారు. ఏ భావమూ లేని ఆ ముఖమే సినిమాను నిలబెట్టింది. కథ జరిగేది ఆకురాలు కాలంలో, షూటింగ్ జరిగింది వసంతంలో. అందుకని ఆకులకు గోధుమ రంగు పులిమి వీధిలో చల్లడం, షాట్ అయ్యాక ఏరుకుని మరో వీధిలో చల్లడం. సంగీతం కూడా కార్పెంటరే కట్టుకున్నాడు. సుమారు 3.25 లక్షల డాలర్ల సినిమా ప్రపంచవ్యాప్తంగా 7 కోట్ల డాలర్లు తెచ్చింది.

అతి కంపుకొట్టిన సెట్టు

'ద టెక్సాస్ చైన్‌సా మాసకర్' (1974). మండువేసవిలో టెక్సాస్‌లో షూటింగ్. భోజనాల సన్నివేశం రాత్రి జరగాలి, తీసేదేమో పగలు కూడా. కిటికీలన్నీ మూసేసి, లైట్ల వేడిలో ఒక రోజు దాటి ఏకబిగిన తీశారు. బల్ల మీది మాంసం కుళ్లిపోయింది, అలంకరణకు పెట్టినవి నిజమైన జంతువుల ఎముకలు. హంతకుడి వేషం కట్టిన గన్నార్ హాన్సెన్‌కున్నది ఒకే జత బట్టలు, ఉతికితే రంగు పోతుందని షూటింగ్ అయ్యేదాకా ఉతకలేదు. తెర మీద నటుల మొహాల్లో కనిపించే నలత నటన కానే కాదు. ఇంత పేరుమోసిన సినిమాలో చూపించిన రక్తం మాత్రం చాలా తక్కువ. పిల్లలు కూడా చూడదగ్గ సర్టిఫికెట్ వస్తుందని దర్శకుడు టోబీ హూపర్ ఆశపడ్డాడు పాపం. బ్రిటన్ సెన్సార్ దీన్ని పూర్తిగా అనుమతించడానికి 1999 దాకా పట్టింది.

హత్య కేసు పెట్టించుకున్న సినిమా

ఇటలీ వాడు రుగెరో డియొడాటో 1980లో 'కానిబల్ హోలోకాస్ట్' తీశాడు. అమెజాన్ అడవిలో మాయమైన డాక్యుమెంటరీ బృందం వదిలిపోయిన రీళ్లు దొరికాయన్నది కథ. నిజమని నమ్మించడానికి, విడుదలయ్యాక ఏడాదిపాటు ఎక్కడా కనిపించబోమని నటుల చేత ఒప్పందం రాయించుకున్నాడు. జనంతో పాటు పోలీసులూ నమ్మేశారు. సినిమాను జప్తు చేసి, నటుల్ని చంపాడని దర్శకుడి మీద అభియోగం మోపారు. దాక్కోమన్న నటుల్నే పిలిపించి, బతికే ఉన్నారని చూపించుకుని బయటపడ్డాడు. జంతువుల్ని మాత్రం కెమెరా ముందు నిజంగానే చంపారు. ఆ మచ్చ ఈ సినిమాను ఇప్పటికీ వదల్లేదు.

అతి తక్కువ ఖర్చు: 45 పౌండ్లు

బ్రిటన్ కుర్రాడు మార్క్ ప్రైస్ తీసిన 'కాలిన్' (2008) ఖర్చు అంతే. ఒక గడ్డపార, కొన్ని టేపులు, వచ్చినవాళ్లకు టీ, కాఫీ. జాంబీలు కావలెనని సోషల్ మీడియాలో పిలుపిస్తే జనం ఉచితంగా వచ్చారు. కథ జాంబీ వైపు నుంచి చెప్పడం ఇందులో కిటుకు: కాటు తిన్న కుర్రాడు శవంగా లేచి ఊళ్లో తిరుగుతుంటే, కెమెరా వాడి వెంటే తిరుగుతుంది. మాటల రచయిత అవసరం దాదాపుగా తప్పింది. 2009లో కాన్ చిత్రోత్సవ మార్కెట్‌కు వెళ్లి పంపిణీదారుల్ని సంపాదించుకుంది.

పెట్టుబడికి అత్యధిక రాబడి

ఈ పీట మీద ఇద్దరున్నారు. మొదట 'ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' (1999). ముగ్గురు కుర్ర నటులకు కెమెరాలిచ్చి మేరీల్యాండ్ అడవిలో ఎనిమిది రోజులు వదిలేశారు. ఆ రోజు ఎవరు ఎలా ప్రవర్తించాలో ఎవరి చీటీ వాళ్లకు ఫిల్మ్ డబ్బాలో పెట్టి వదిలేవారు, ఒకరి చీటీ మరొకరు చూడకూడదు. రోజురోజుకూ తిండి తగ్గించారు. రాత్రిళ్లు దర్శకులే గుడారం బయట చప్పుళ్లు చేశారు. కెమెరామన్‌కు డబ్బుల్లేవు కాబట్టి, కెమెరా పట్టుకున్నవాళ్లే కథలో పాత్రలయ్యారు. నటుల అసలు పేర్లే పాత్రలకు పెట్టి, 'కనిపించడం లేదు' అంటూ పోస్టర్లు అంటించారు. పదుల వేల డాలర్లతో తీసిన సినిమా 24.8 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

రెండోది 'పారానార్మల్ యాక్టివిటీ'. 2007లో తీశారు, 2009లో అందరూ చూశారు. ఒరెన్ పెలీ వీడియో గేముల ప్రోగ్రామర్, సినిమా చదువు లేదు. శాన్ డియేగోలోని సొంతింట్లో, ఏడు రోజుల్లో, 15 వేల డాలర్లతో తీశాడు. వసూళ్లు 19.3 కోట్ల డాలర్లు.

ఈ సినిమాలో పడకగది సన్నివేశాలు శ్రద్ధగా చూడండి. మంచానికి ఎదురుగా స్టాండు మీద కెమెరా. మొగుడూ పెళ్లాం వరసలో ఉన్న జంట నిద్రపోతుంటారు. ఎడమ పక్క తలుపు బార్లా తెరిచి ఉంటుంది, అవతల చీకటి వసారా. తెర కింద మూల గడియారం అంకెలు గిర్రున తిరుగుతుంటాయి. ఉన్నట్టుండి అంకెలు మామూలు వేగానికి దిగుతాయి, అంతే. తలుపు జానెడు కదిలి ఆగుతుంది. రెండు రాత్రులు గడిచేసరికి హాల్లో అందరికీ సంగతి అర్థమైపోతుంది: అంకెలు నిదానించాయంటే ఏదో రాబోతోంది. ఆ తర్వాత గడియారం నెమ్మదించగానే జనం ఊపిరి బిగబట్టేస్తారు. పైసా ఖర్చు లేని స్పెషల్ ఎఫెక్ట్ అంటే అదీ.

37 నిమిషాలు, ఒకటే షాట్

జపాన్ సినిమా 'వన్ కట్ ఆఫ్ ద డెడ్' (2017). నటన శిక్షణకు వచ్చిన కొత్తవాళ్లతో షినిచిరో ఉయేదా 30 లక్షల యెన్‌లతో తీశాడు. టోక్యోలో రెండు హాళ్లలో మొదలై, నోటిమాటగా పాకి 300 కోట్ల యెన్‌లు దాటింది. వెయ్యి రెట్లన్నమాట. మొదటి 37 నిమిషాలు కోత లేకుండా సాగుతాయి. నటులు తడబడతారు, మాటల మధ్య అర్థంలేని మౌనాలు, కెమెరా ఓసారి నేల మీద పడిపోతుంది. 'ఇదేం నాసిరకం సినిమారా బాబూ' అని లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లకండి. ఆ తప్పులన్నిటికీ తర్వాతి గంటలో లెక్క చెబుతాడు, ఆ లెక్కకు పగలబడి నవ్వుతారు. ఇంతకంటే ఎక్కువ చెబితే పాపం తగులుతుంది.

ఉరుగ్వే సినిమా 'లా కాసా ముదా' (2010) సినిమా మొత్తం ఒకే షాట్ అని చెప్పుకుంది. తీసింది ఫొటోలు తీసుకునే మామూలు డిజిటల్ కెమెరాతో, నాలుగు రోజుల్లో, సుమారు ఆరు వేల డాలర్లతో. ఆ కెమెరా ఏకబిగిన అంతసేపు రికార్డు చేయలేదు కదా అని తెలిసినవాళ్లు అనుమానపడ్డారు. అతుకు ఎక్కడుందో వెతుక్కోవడం ఈ సినిమా అభిమానులకు అదనపు కాలక్షేపం. హాలీవుడ్ ఏడాది తిరక్కుండానే రీమేక్ చేసింది.

అతి వేగం, అతి నిదానం

2020 లాక్‌డౌన్‌లో బ్రిటన్ దర్శకుడు రాబ్ సావేజ్ 'హోస్ట్' తీశాడు. ఆలోచన పుట్టిన 12 వారాలకు సినిమా విడుదలైంది. ఆరుగురు స్నేహితులు జూమ్ కాల్‌లో ఆత్మను పిలుస్తారు, అదే కథ. ఎవరింట్లో వాళ్లే ఉండి, ఎవరి లైట్లు వాళ్లే పెట్టుకుని నటించారు. నిడివి గంటలోపే.

నిదానానికి డేవిడ్ లించ్ 'ఇరేజర్‌హెడ్' (1977) పెట్టింది పేరు. డబ్బులు అయిపోయినప్పుడల్లా ఆగుతూ అయిదేళ్లు సాగింది. హీరో జాక్ నాన్స్ ఒక షాట్‌లో తలుపు పిడి తిప్పుతాడు, గదిలోకి అడుగుపెట్టే షాట్ తీసేసరికి ఏడాదిన్నర గడిచింది. పాత్ర కోసం నిలబెట్టిన నిలువు జుట్టుతోనే అతను అన్నాళ్లూ కాలం వెళ్లదీశాడు.

వెనక్కి నడిచి ముందుకొచ్చిన ఆత్మ

జపాన్ 'రింగు' (1998)లో టీవీలోంచి పాక్కుంటూ బయటికొచ్చే సదాకోను మరిచిపోవడం కష్టం. ఆ నడకలోని వికారానికి కంప్యూటర్ వాడలేదు. కబుకీ రంగస్థలం తెలిసిన నటి చేత వెనక్కి నడిపించి, ఫిల్మును తిరగేసి వేశారు. అడుగు పడే తీరు మనిషిదే, ఒళ్లు కదిలే తీరు మాత్రం మనిషిది కాదు. 'జు-ఆన్' సినిమాల్లో దెయ్యం గొంతులోంచి వచ్చే గరగర శబ్దం దర్శకుడు తకాషి షిమిజుదే. రెండు సినిమాలనూ హాలీవుడ్ కొనుక్కుంది.

జపాన్‌దే ఇంకొకటి: 'హౌసు' (1977). పరుపులు మీదపడటం, పియానో అమ్మాయిని నమిలి మింగడం లాంటి ఊహలు దర్శకుడు ఒబయాషికి ఇచ్చింది బడికెళ్లే వయసున్న ఆయన కూతురు. పెద్దవాళ్లకైతే అర్థమయ్యే భయాలే తడతాయని, అందుకే పిల్లను అడిగానని ఆయన చెప్పుకున్నాడు.

ఎక్కువమంది చూసిన ఊరి దెయ్యాలు

థాయ్‌లాండ్‌లో మే నాక్ కథ తెలియనివాళ్లుండరు. మొగుడు యుద్ధానికి పోయాడు. భార్య ప్రసవంలో చనిపోయింది. తిరిగొచ్చిన మొగుడికి పెళ్లాం, బిడ్డ ఇంట్లోనే కనిపించారు, మామూలుగా కాపురం సాగింది. ఓరోజు ఆమె రోట్లో దంచుతుంటే నిమ్మకాయ జారి నేల పలకల సందులోంచి ఇంటి కిందికి పడింది. ఆమె లేవలేదు. చెయ్యి అలా సాగి సాగి కిందిదాకా వెళ్లి కాయను తెచ్చుకుంది. మొగుడు చూడనే చూశాడు. నిమ్మకాయ చూస్తే దిష్టి, చేతబడి గుర్తొచ్చే మనకు ఈ ఘట్టం వివరించి చెప్పక్కర్లేదు. బ్యాంకాక్‌లో ఆమెకు గుడి కూడా ఉంది. ఈ కథను హాస్యంగా మలిచిన 'పీ మాక్' (2013) వంద కోట్ల బాత్‌లు దాటి థాయ్ సినిమా రికార్డులన్నీ తిరగరాసింది.

ఇండొనేషియాలో పల్లెటూరికి సేవా కార్యక్రమానికి వెళ్లిన విద్యార్థుల కథ 'కేకేఎన్ ది దేసా పెనారి' (2022)ని దాదాపు కోటిమంది హాళ్లకెళ్లి చూశారు. 2025లో 'జంబో' అనే యానిమేషన్ సినిమా దాటేదాకా ఆ దేశపు సినిమాల్లో అదే అగ్రస్థానం. మన దగ్గర 2021లో ఓటీటీలో నేరుగా వచ్చిన 'మా ఊరి పొలిమేర' అడుగుపెట్టిందీ ఇలాంటి పల్లె భయాల్లోకే. పేరొచ్చాక రెండో భాగం 2023లో థియేటర్లకెక్కింది.

మన గడప తొక్కిన థాయ్ దెయ్యాలు

'పీ మాక్' తీసిన బంజోంగ్ పిసంతనకున్, మరో దర్శకుడితో కలిసి అంతకుముందే 'షట్టర్' (2004), 'అలోన్' (2007) తీశాడు. ఫొటోల్లో ఆత్మ కనబడే 'షట్టర్' తమిళం, హిందీ, ఇంగ్లిష్‌లలోకి వెళ్లింది. అవిభక్త కవలల కథ 'అలోన్' 2012లో ప్రియమణి 'చారులత'గా మన దక్షిణాదికొచ్చింది.

ఒక దేశం కథ, రెండో దేశంలో షూటింగ్, మూడో దేశం ఎంట్రీ

'అండర్ ద షాడో' (2016). కథ ఇరాన్-ఇరాక్ యుద్ధకాలపు టెహ్రాన్‌లో, భాష పర్షియన్, షూటింగ్ జోర్డాన్‌లో. ఆస్కార్ విదేశీ భాషా విభాగానికి పంపింది బ్రిటన్. ఇంట్లో జిన్ను తిరుగుతోందని భయపడి తల్లి బిడ్డనెత్తుకుని అర్ధరాత్రి వీధిలోకి పరుగెడుతుంది. తల మీద ముసుగు లేదని ఆమెను పట్టుకుని స్టేషన్‌కు తీసుకెళతారు. ఇంట్లో జిన్ను, బయట ప్రభుత్వం, పైనుంచి క్షిపణులు. ఆమె మళ్లీ ఇంటికే రావాలి. దెయ్యమున్న ఇంట్లోంచి వీళ్లు ఎందుకు వెళ్లిపోరన్న పాత ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు ఏ సినిమా చెప్పలేదు.

అంబులెన్సు నుంచి అగ్ర బహుమతికి

ఫ్రెంచ్ దర్శకురాలు జూలియా డుకుర్నో మొదటి సినిమా 'రా'ను 2016లో టొరంటో ఉత్సవంలో వేస్తే ప్రేక్షకులు సొమ్మసిల్లారు, అంబులెన్సు వచ్చింది. రెండో సినిమా 'టిటాన్'కు 2021లో కాన్‌లో పామ్ డోర్ ఇచ్చారు. ఆ బహుమతిని మరొకరితో పంచుకోకుండా గెలిచిన మొదటి మహిళ ఆమే.

అతి చెత్త

'మానోస్: ద హ్యాండ్స్ ఆఫ్ ఫేట్' (1966). టెక్సాస్‌లో ఎరువులమ్ముకునే హెరాల్డ్ వారెన్, హారర్ తీయడం ఏమంత కష్టమని పందెం కట్టి తీశాడు. ఖర్చు సుమారు 19 వేల డాలర్లు. కీ ఇస్తే 32 సెకన్లు మాత్రమే తిరిగే కెమెరా, శబ్దం రికార్డు కాదు. గొంతులన్నీ తర్వాత కొద్దిమందే అరువిచ్చారు. రాత్రి సన్నివేశాల్లో లైట్ల చుట్టూ పురుగులు ముసురుతుంటాయి. 'పారానార్మల్ యాక్టివిటీ'కి ఇంతకంటే తక్కువే ఖర్చయింది. పెలీ తనకున్న ఒక్క కెమెరాకు తగ్గ కథ రాసుకున్నాడు. వారెన్ తన కథ తాను రాసుకుని, కెమెరాను అది మోయమన్నాడు. తేడా అక్కడే వచ్చింది.

ఆరేళ్ల తర్వాత గెలిచిన వాన

రాహి అనిల్ బర్వే 'తుంబాడ్' కొన్నేళ్లపాటు నిజమైన వానాకాలాల్లో తీసిన సినిమా. 2018లో వెనిస్ క్రిటిక్స్ వీక్‌ను ప్రారంభించిన గౌరవం దక్కింది, హాళ్లలో మాత్రం అంతంతమాత్రంగా ఆడింది. 2024లో మళ్లీ విడుదల చేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది.

లైట్లు వేసి ఆడించిన సినిమా

బంజోంగ్ మళ్లీ వచ్చాడు. 2021లో అతని 'ద మీడియం' కొరియాలో విడుదలైనప్పుడు, భయస్తుల కోసం హాల్లో లైట్లు ఆర్పకుండా ప్రత్యేక ఆటలు వేశారు. చీకట్లో చూసే ధైర్యం లేనివాళ్లకు ఆ సదుపాయం ఇంట్లోనూ ఉంది. సబ్‌టైటిళ్లు చదవడానికి బద్ధకించి పరాయి దెయ్యాలకు దూరంగా ఉండేవాళ్లకు మాత్రం ఒక్క మాట: దెయ్యం వచ్చే ఘట్టంలో ఏ దేశంలోనూ ఎవరూ పెద్దగా మాట్లాడరు.